పుంటి చేనులో పక్క కొమ్మలు

మా మేనత్తకు నేనంటే పడేది కాదు. నాకు ఆమె అంటే అసలే పడేది కాదు. ఈ మాట మొదట్లోనే చెప్పడం మంచిది. పల్లెటూరి జ్ఞాపకాలు రాసేవాళ్ళ పుస్తకాల్లో మేనత్తలందరూ పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టినవాళ్ళే. నాకు దొరికిన మేనత్త పుంటికూర పెట్టింది, తిట్లు పెట్టింది. రెండూ పుల్లగానే ఉండేవి. రెండూ రోజూ ఉండేవి.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. అత్తకు చిన్న వయసులోనే భర్త పోతే తమ్ముడి ఇంటికి, అంటే మా ఇంటికి, వచ్చేసింది. వచ్చి మూలన కూర్చోలేదు. ఇల్లు, ఎడ్లు, చేను, బాపు అని నేను పిలిచే మా నాన్న, అన్నీ ఆమె చేతిలోకి పోయాయి. మా బాపు మంచివాడని ఊరంతా అనేది. ఎవరికీ కాదని చెప్పలేని మనిషిని మంచివాడనడం లోకంలో ఉన్నదే. తీర్పు చెప్పాల్సి వస్తే ఆయన ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి లేచిపోయేవాడు. మా ఎడ్లు తాగినన్ని నీళ్ళు ఆ చుట్టుపక్కల ఏ ఎడ్లూ తాగి ఉండవు.

మా ఊరు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పోయే బండ్లబాట మీద ఉంది. కామారెడ్డిలో రైలెక్కితే నగరం. నగరంలో ఆడపిల్లల బడి, దాని పక్కన హాస్టలు. అత్త తాడ్వాయిలో చుట్టాల పెళ్ళికి పోయిన వారం రోజుల్లో బాపు నన్ను ఆ బడిలో వేసి వచ్చాడు. జీవితంలో ఆయన చేసిన ఒకే ఒక దొంగపని అది. అత్త తిరిగొచ్చేసరికి ఇంట్లో నేను లేను. ఆ సంగతి ఆమె మనసులో పెట్టుకుంది. మూడేళ్ళు పెట్టుకుంది.

నాలుగో ఏడు వానాకాలం మొదట్లో హాస్టల్లో నాకు జ్వరం తగిలింది. బాపు వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. నెల తిరిగేసరికి లేచి తిరుగుతున్నాను గానీ తలమీద జుట్టు సగం రాలిపోయింది. అత్త నా తలను చేత్తో అటూ ఇటూ తిప్పి చూసింది.

"చదువు మస్తు నిండినట్టున్నది తమ్మీ. ఎంటికలకు జాగ లేక బయటపడ్డయి."

బాపు ఎడ్ల దగ్గరికి పోయాడు.

తర్వాత బడి నుంచి ఉత్తరం వచ్చింది. దీపావళి దాటిన వారం లోపల రాకపోతే నా పేరు కొట్టేస్తామని. నేనే చదివి వినిపించాను. ఇంకో రెండు నెలలు ఎక్కువ గడువు ఉన్నట్టు చదివితే ఎవరికి తెలుస్తుంది, కానీ ఆ వయసులో నాకు అలాంటి తెలివి లేదు. అత్త విన్నది, నవ్వింది.

"కొట్టేస్తే కొట్టేయనీ. మనం పోయి బతిలాడొద్దు. మూడేండ్లు చదివి ఏం తెచ్చింది? జ్వరం తెచ్చింది."

అప్పటి నుంచి ఇంట్లో ఉన్నది ఒకటే ప్రశ్న. దీపావళి తర్వాత నేను రైలెక్కుతానా, ఎక్కనా. బాపు ఎక్కమనడు, వద్దనడు. అత్త వద్దంటుంది. నేను పొద్దున లేచింది మొదలు ఆమెతో వాదిస్తాను. జ్వరం నా జుట్టును తీసుకుపోయింది గానీ నోటిని ముట్టుకోలేదు.

మా బావి దగ్గర అర ఎకరం పుంటి చేను ఉండేది. ఆకు కోసుకుంటే కూర. కోస్తావాళ్ళు దాన్నే గోంగూర అని, తామే కనిపెట్టినట్టు మాట్లాడతారు. కోయకుండా నిలబెడితే మనిషిని మించి ఎదుగుతుంది. పూత పడ్డాక కట్టెను కోసి, మోపులు కట్టి, వాగు మడుగులో పదిహేను ఇరవై రోజులు నానేస్తే బెరడు కుళ్ళి నార ఊడి వస్తుంది. ఆ నారతో పేనిన లావు తాడే మోకు. మోకు లేకపోతే మోట లేదు. మోట అంటే తోలు బొక్కెన. గిలక మీదుగా దాన్ని ఎడ్లు లాగితే బావిలోంచి నీళ్ళు వస్తాయి, వరి బతుకుతుంది. అప్పటికి ఎక్కడో యుద్ధం నడుస్తోంది. యుద్ధం మా ఊరికి రాలేదు గానీ కామారెడ్డి బజారులో మంచి తాడు దొరకడం మానేసింది. ఉన్న మోకు పోగులు లేస్తోంది. అందువల్ల ఆ ఏడు అత్త పుంటి చేనును పసిపిల్లను చూసినట్టు చూసింది. నన్ను ఎప్పుడూ అలా చూడలేదు.

ఆ చేనుకు ఒక కట్టుబాటు ఉండేది. అంచు సాళ్ళు అందరివీ. దారిన పోయే ఏ ఆడమనిషైనా, కూలికి వచ్చినవాళ్ళైనా, గాంధారి దిక్కు తండాల నుంచి కట్టెలమోపుతో నడిచొచ్చే ఆడవాళ్ళైనా, అంచున నిలబడి ఒడి నిండా ఆకు తుంచుకోవచ్చు. ఎవరూ అడగరు. లోపలి సాళ్ళలో మాత్రం మా ఇంటి మనిషి కూడా వేలు పెట్టకూడదు. చిన్నప్పటి నుంచీ ఇది చూస్తున్నాను గానీ ఎందుకని ఎన్నడూ అడగలేదు. అన్నిటికీ ఎందుకని అడిగే నేను, అడగాల్సిన ఒక్కటీ అడగలేదు.

మా బడిలో ఒక పూలతోట ఉండేది. అక్కడ చేమంతుల కొసలు గిల్లేవాళ్ళం. కొస గిల్లితే మొక్క బలం పైకి పోకుండా పక్కలకు తిరుగుతుందని, కొమ్మకు కొమ్మ వేస్తుందని, పువ్వులు ఇబ్బడిముబ్బడిగా పూస్తాయని పంతులమ్మ చెప్పింది. నేను కళ్ళారా చూశాను కూడా. మోకాలెత్తు పుంటి చేనులో నిలబడితే నాకు ఆ చేమంతులు గుర్తొచ్చాయి. ఎదురుగా అత్త, బాపు, మా జీతగాడు ఉన్నారు. మోట కొట్టేది అతనే. నాకంటే ముందు నుంచీ ఆ ఇంట్లో ఉన్నవాడు. తాతా అని పిలిచేదాన్ని.

"అత్తా, ఇవన్నీ బక్కగ నిలబడ్డయి. కొసలు తుంచితే ఒక్కొక్క దానికి నాలుగు కొమ్మలొస్తయి. నాలుగు కొమ్మలంటే నాలుగింతల నార."

"ఎవరు చెప్పిన్రు?"

"మా బడిల చేమంతులకు గట్లనే చేస్తరు."

"చేమంతి తాడుతోని మోట కొడ్తరా మీ బడిల?"

తాత నవ్వాడు. బాపు కూడా నవ్వబోయి నా మొహం చూసి దగ్గాడు. నాకు మండిపోయింది.

"నీకు తెల్వనిదల్లా నవ్వులాటనే అత్తా. జర చేసి చూస్తే ఏం పోతది?"

అత్త నవ్వు ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆమె కోపంగా ఉన్నప్పుడు నాకు భయం ఉండేది కాదు, ఇలా తీరుబడిగా చూసినప్పుడే.

"మంచిది. బాయి దిక్కు ఆరు సాళ్ళు నీయి. ఏం తుంచుతవో తుంచుకో. ఆ నార నువ్వే తియ్యాలె, పురులు నువ్వే పెట్టాలె, ఒక మోకు చెయ్యాలె. అది మోట లాగితే నీ పెట్టె నేనే మోసి బండిల పెడ్త. లాగకపోతే పెట్టె అటక మీదికి పోతది. మల్ల చదువు మాట నా చెవుల పడొద్దు."

"సరే."

"తమ్మీ, విన్నవా?"

"విన్న," అన్నాడు బాపు. తన ప్రమేయం లేకుండా తీర్పు దొరికినందుకు ఆయన ముఖం ఎంత తేటపడిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కూతురి చదువు ఆరు సాళ్ళ పుంటి మొక్కలకు అప్పజెప్పి ఎడ్ల దగ్గరికి పోయాడు.

మర్నాడు ఒక పూటలో ఆరు సాళ్ళూ తుంచేశాను. గోళ్ళు పచ్చబడ్డాయి. పది పన్నెండు రోజులకు ప్రతి మొక్కా ఆకు మొదళ్ళలోంచి పిలకలు వేసింది. నెల తిరిగేసరికి నా సాళ్ళు పొదల్లా గుబురుకున్నాయి. పక్కన అత్త సాళ్ళు నా కంటికి దారాల్లా సన్నగా, పొడుగ్గా, గాలికి ఊగుతూ. బాటన పోయేవాళ్ళు ఆగి నావే చూసేవాళ్ళు. కూలి ఆడవాళ్ళు వచ్చి, నీ సాళ్ళల్ల జర ఆకు తెంపుకుంటం బిడ్డా అనేవాళ్ళు. నేను తెంపుకోమనేదాన్ని. నలుగురిలో అత్తను నిలేశాను.

"ఇప్పుడేమంటవ్ అత్తా? చూడు, ఎవరి తోట మంచిగున్నదో."

"నీదే మంచిగున్నది."

నేను నమ్మలేకపోయాను.

"కూరకు," అంది, కొంగు దులుపుకుని పోయింది.

ఆ ఒక్క మాట నన్ను కుదురుగా నిలవనీయలేదు. మరుసటి రోజు మొదళ్ళు పట్టుకుని చూశాను. నా మొక్కలు నా నడుమెత్తు, కాండం చిటికెనవేలంత. కొమ్మలు ఇంకా సన్నం. అత్త మొక్కలు నా తలను దాటాయి, కాండం బొటనవేలికి ఎక్కువే. నాలుగు కొమ్మలూ కలిపితే నాకు నాలుగింతలు రాలేదు. ఒక్కటే బలం, నాలుగు దిక్కులకు పంచుకుని నాలుగూ పేదవైపోయాయి.

ఆ పొద్దు అంచు సాలు దగ్గర ఒక కూలి అవ్వ కూర్చుని ఉంది. ఆమె ఆకు తుంచుకోవడం నేను వందసార్లు చూశాను. ఆ రోజు మొదటిసారి చేతుల వంక చూశాను. ఆమె కొస ముట్టుకోవడం లేదు. ఆకుతో పాటు దాని మొదట్లో అప్పుడే కన్ను తెరుస్తున్న పక్క మొగ్గనూ గోటితో లాగి ఒడిలో వేసుకుంటోంది. గింజంత లేత మొగ్గ.

"అవ్వా, కొస ఎందుకు తుంచవ్?"

"కొస తుంచితే నీ అత్త నా చేతులిరుస్తది," అంది అవ్వ. తర్వాత నా మొహం చూసి కాస్త జాలిపడినట్టుంది. "అంచు దానికి ఎండ మస్తుంటది బిడ్డా. ఎండ దొరికితే అది పక్కకు పోతది. లోపలియి ఇరుకుల ఉంటయి గద, ఎండ కోసం మీదికే పోతయి, పక్కకు పోయే జాగ లేదు. అందుకే వాటిని ఎవరు ముట్టరు. అంచుదాన్ని పక్కకు పోనియ్యకుంట మేము తింటం. మాకు కూర, మీకు నార."

మూడేళ్ళ చదువులో ఎవరూ నాకు అంత సూటిగా ఏదీ చెప్పలేదు. దారిన పోయేవాళ్ళకు దయతో ఇచ్చిన ఆకు అనుకున్నది, తరాలుగా మా చేనుకు జీతం లేని చాకిరీ. మా ఇల్లు దానధర్మాలకు పేరుపడింది, అది వేరే సంగతి.

అక్కడితో ఊరుకుని అత్త దగ్గరికి పోయి తప్పయిందని చెప్పి ఉంటే కథ అయిపోయేది. నేను చెప్పలేదు. కొడవలి తీసుకుని పోయి ప్రతి మొక్కకూ ఒక కొమ్మ ఉంచి మిగతావన్నీ కోసేశాను. లేత మొగ్గ గిల్లితే మచ్చ పడదు. ముదిరిన కొమ్మ కోస్తే అక్కడ గంటు మిగులుతుంది, గంటు చుట్టూ కణుపు కడుతుంది. మొదట తుంచకూడనిది తుంచాను, తర్వాత కోయాల్సిన కాలం దాటాక కోశాను. ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పే పని ఎంత చురుగ్గా చేస్తామో, మంచి పని ఒక్కటీ అంత చురుగ్గా చేయం.

పూత పడింది. కట్టె కోశాం. వాగు మడుగులో మోపులు తొక్కి పైన రాళ్ళు పెట్టాం. అత్తవి ఒక పక్క, నావి ఒక పక్క. ఇరవై రోజులకు మడుగు దగ్గర ముక్కు పెట్టలేని కంపు. నడుముల దాకా నీళ్ళలో దిగి నార తీయడం మొదలుపెట్టాం. అత్త కట్టె మొదట్లో బొటనవేలు దూర్చి ఒక్క గుంజు గుంజితే, మొదలు నుంచి కొస దాకా తెల్లని నార ఒకే పట్టీగా జారి వచ్చేది. దాన్ని నీళ్ళలో జాడించి భుజాన వేసుకునేది. నేను గుంజితే జానెడు వచ్చి కణుపు దగ్గర పుటుక్కుమనేది. మళ్ళీ గుంజితే మళ్ళీ జానెడు. అత్త చూడనట్టే ఉంది. చూడనట్టు ఉండటం ఆమెకు వచ్చిన విద్యల్లో ఒకటి.

నార ఎండాక రెండు కుప్పలయ్యాయి. ఆమె కుప్ప గుర్రం తోకలా ఉంది. నా కుప్ప మంగలి అరుగు కింద ఊడ్చి పోసినట్టు ఉంది. దీపావళికి ఇంకా నాలుగైదు రోజులు.

ఇక్కడ రాసేది నేను చాలామందికి చెప్పని సంగతి. అత్త పాలు పితకడానికి పోయిన వేళల్లో ఆమె కుప్పలోంచి కాస్త కాస్త పొడుగు నార తీసుకున్నాను. నా పొట్టి ముక్కలు లోపల పెట్టి, పైన ఆ పొడుగు నార చుట్టి, మూడు పురులు పెట్టాను. నీళ్ళు చిలకరించి, అరచేత్తో రుద్ది, పోగులు అణచాను. బయటికి ఎంత నున్నగా ఉన్నాయంటే నాకే ముద్దొచ్చాయి. బాపు ఒక కొస, తాత ఒక కొస పట్టుకుని మూడు పురులూ కలిపి మోకు తిప్పారు.

"మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నాడు తాత, చేత్తో తడిమి. "నేను గింత అనుకోలే."

అత్త ఏమీ అనలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మోట కొట్టడం చూడనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. నిండిన బొక్కెనను లాగుతూ ఎడ్లు పల్లపు బాటలో దిగుతాయి. దిగేటప్పుడు మోట కొట్టే మనిషి బిగిసిన మోకు మీద ఎక్కి కూర్చుంటాడు. ఎడ్లకు అతని బరువు సాయం. రోజుకు వందసార్లు ఎక్కుతాడు, వందసార్లు దిగుతాడు. అలా కూర్చుని ఉండగా తాడు తెగితే వెల్లకిలా రాళ్ళ మీద పడతాడు. ఈ సంగతి నాకు పురులు పెడుతున్నప్పుడు తెలియదా అంటే తెలుసు. మూడు రోజులు తెలుసు. నేను ఆలోచించింది రైలు గురించి. తాత నడుము గురించి కాదు. మా ఇళ్ళల్లో జీతగాడి నడుము గురించి ఎవరైనా ఆలోచించగా నేను చూడలేదు, కానీ ఇతరులూ ఆలోచించలేదనడం జవాబు కాదు.

దీపావళి మూడోనాడు పొద్దున కొత్త మోకు గిలక మీద వేశారు. బిచ్కుంద దిక్కు నుంచి తెచ్చిన ఎడ్లు మావి, ఊళ్ళో అంత బలమైన జత లేదు. బాపు గట్టు మీద. అత్త గిలక పక్కన, చేతులు కొంగులో ముడుచుకుని. బొక్కెన మునిగింది. తాత అదిలించాడు. ఎడ్లు కదిలాయి, మోకు బిగిసి కిర్రుమంది. నిలిచింది. రెండడుగులు, నాలుగడుగులు నిలిచింది. నా రైలు స్టేషన్‌లోకి వచ్చినట్టే ఉంది. తాత అలవాటు కొద్దీ మోకు మీద చెయ్యి వేసి, కాలెత్తాడు.

"తాతా, కూసోకు."

"ఎందుకు బిడ్డా?"

"కూసోకు. లోపల అన్నీ ముక్కలే ఉన్నయి."

అతను కాలు దించాడు. ఇంకో మూడడుగులు ఎడ్లు నడిచాయేమో, మోకు మధ్యలో ఫట్టున తెగింది. బొక్కెన బావిలో పడ్డ చప్పుడు, ఎడమ ఎద్దు మోకాళ్ళ మీద పడటం, తెగిన కొస తాత చెవి పక్క నుంచి పోవడం, అన్నీ ఒక్కసారే. బాపు పరుగున వచ్చి ఎద్దును లేపాడు. నేను అత్త వైపు చూశాను. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఎంత ఆలస్యం చేస్తివే," అంది.

"నీకు తెలుసా?"

"నా కుప్పల నార తగ్గితే నాకు తెల్వదా? నేను గుడ్డిదాన్ననుకున్నవా?"

"తెలిసి తాతను మోట మీదికి తోలినవా?"

"నువ్వు చెప్తవా చెప్పవా అని చూస్తున్న."

"చూస్తున్నవా? నేను చెప్పకపోతే?"

"చెప్పకపోతే నేను కూసోనిస్తుంటినా?"

"నువ్వు నోరు తెరవలే. నేను తెరిచిన."

"దొంగ నార చుట్టింది ఎవరు? నేనా?"

"మనిషి నడుము మీద పరీక్ష పెట్టింది ఎవరు? నేనా?"

ఇద్దరం అలా ఎంతసేపు అరుచుకునేవాళ్ళమో. తాత అడ్డం వచ్చాడు. అతను మా ముందు గొంతు పెంచగా నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"ఆగుండ్రి ఇద్దరు. పందెం మీది, నడుము నాదా? పెద్దమ్మకు తెలుసు, చిన్నమ్మకు తెలుసు, తెల్వనిది నాకొక్కనికే. ఎద్దు కూడ నాకంటే నయం, ఎద్దు పడితే పటేలు ఉరికొచ్చిండు."

బాపు ఎద్దు మెడ మీద ఉన్న చెయ్యి తీశాడు. అత్త నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. చూసి సంతోషించే వీలు లేకపోయింది, నా నోరూ అప్పుడే మూతపడింది గనక.

తాత తెగిన మోకు చుట్ట చుట్టి బాపు కాళ్ళ దగ్గర పెట్టాడు.

"పటేలా, ఒక మాట. వీళ్ళిద్దరిని ఒక్క ఇంట్ల పెట్టి నన్ను మోట కొట్టుమనకు. ఇవ్వాళ తాడు, రేపు ఇంకోటి పెడ్తరు పందెం. ఒకరిని పంపు. పెద్దమ్మను యాడికి పంపుతవ్, ఆమెకు పోయే జాగ లేదు. చిన్నమ్మకు ఉన్నది. పంపు. పంపేదాకా నేను మోట ముట్ట."

బాపు అక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, పొట్ట మీదికి వచ్చిన వరి వైపు చూశాడు. వరికి నీళ్ళు కావాలి.

"ఎల్లుండి బండి కడుదాం," అన్నాడు.

పందెం ఓడి నేను చదువుకు పోయింది ఇలా. నా తెలివి వల్ల కాదు, బాపు ధైర్యం వల్ల కాదు, అత్త మనసు కరిగి కాదు. ఒక ముసలి జీతగాడు మా ఇద్దరి పీడ భరించలేక. తర్వాత కాలేజీలో, స్త్రీ విద్యకు తమ కుటుంబం ఎంత పాటుపడిందో చెప్పుకునే అమ్మాయిలను చాలామందిని చూశాను. నన్ను అడిగితే విషయం మార్చేదాన్ని.

అత్త అడ్డు చెప్పలేదు. చెప్పే హక్కు లేదని ఆమెకూ తెలుసు. అయితే ఉట్టిగా పోనిచ్చే మనిషి కాదు.

"పోవుడు పో. పోయేముందు నా నార నాకు తీసియ్యి."

ఆ పొద్దు, మర్నాడు పగలంతా తెగిన మోకును పురి విప్పుతూ కూర్చున్నాను. తడిసి బిగుసుకున్న పురి విప్పడం పెట్టడం కన్నా పదింతలు కష్టం. వేళ్ళ చర్మం లేచింది. పొడుగు నార ఒక పక్క, ముక్కలు ఒక పక్క. అత్త ఎదురుగా కూర్చుని, విప్పిన పొడుగు నారను దువ్వి తన పురిలో కలుపుకుంటోంది. సాయం చేస్తోందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఒక్క పోగు తక్కువైనా అడగడానికి కూర్చుంది.

"నిజం చెప్పు అత్తా. నేను చెప్పకపోతే ఆపుతుంటివా?"

"చెప్పిన గద."

"నీ చేతులు కొంగుల ఉన్నయి. నేను చూసిన."

"నోరు కొంగుల ఉన్నదా?"

"నోరు కూడ తెరవలే."

"తెరవబోతున్న, నువ్వు తెరిచినవ్. నీ నోటికి ముందల ఎవరి నోరు తెరుసుకుంటదే?"

"గది జవాబు కాదు."

"మరి నువ్వు చెప్పు. మూడు దినాలు పురులు పెట్టినవ్. మూడు దినాలు ఏం చేస్తుంటివి?"

నేను విప్పుతూ ఉండిపోయాను. ఆమె గెలిచినట్టు తల ఊపింది. ముక్కలన్నీ ఊడ్చి పొయ్యి దగ్గర వేసింది.

మూడో రోజు తెల్లవారి బండి కట్టారు. పెట్టె తాత మోశాడు. అత్త గడప దాటి రాలేదు, నేను వెనక్కి తిరగలేదు. ఆ తర్వాత బి.ఏ. అయ్యేదాకా ప్రతి సెలవులోనూ మేము ఆ వాదన పెట్టుకున్నాం. ఆమె తన చెయ్యి లేవబోయిందనే అన్నది. లేవలేదని నేనన్నాను. ఏడు గడిచిన కొద్దీ ఆమె కథలో ఆ చెయ్యి ఇంకా పైకి లేచింది, చివరికి తాత భుజం పట్టి లాగేదాకా పోయింది. నా కథలో ఆ మూడు రోజులు ఒక రోజుకు తగ్గుతూ వచ్చాయి. అందుకే ఇప్పుడు, ఆమె లేదు గనక, నన్ను కాదనేవాళ్ళు ఎవరూ లేరు గనక, ఆ మూడు రోజులనూ మూడు రోజులుగానే రాశాను. ఆమె చెయ్యి మాత్రం లేవలేదు.